పాత ఒక రోత... నిజమేనా?

'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్నారు పెద్దలు. అన్నవాళ్లెవరో గానీ వంటింట్లోకి ఎప్పుడూ తొంగి చూసి ఉండరని నా అనుమానం. ఆ గుమ్మం దాటితే లెక్క తిరగబడుతుంది. అక్కడ కొత్త బియ్యమంటే చిరాకు, పాత బియ్యమంటే గౌరవం. కొత్త చింతపండుకి ఒక మర్యాద, పాత చింతకాయకి ఇంకో మర్యాద. పాతది కావాలంటే ఎక్కువ డబ్బులివ్వాలి. లేదంటే ఇంట్లో ఓపికున్న మనిషి ఉండాలి.

ఈ సంగతి నాకు గట్టిగా తెలిసొచ్చింది సంక్రాంతికి నందిగామ వెళ్లినప్పుడు. ఇంట్లో అప్పటికే రెండు విశేషాలు. ఒకటి, పురిటికొచ్చిన చెల్లికి ఆడపిల్ల పుట్టింది. రెండోది, స్పెయిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నాన్న కొడుకు సెలవు మీద దిగాడు. వస్తూ వస్తూ తువ్వాల్లో చుట్టి ఒక సీసా తెచ్చాడు. "అన్నయ్యా, పేపర్లో రాసుకోవటానికి నీకు పనికొస్తుందని తెచ్చా" అన్నాడు. మా ఇంట్లో మందు ముట్టేవాళ్లు లేరు. నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. సీసాని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా బీరువా మీద పెట్టేశారు.

మర్నాడు అమ్మ నా చేతికి సంచీ ఇచ్చింది. "చెల్లికి పథ్యం పెట్టాలి. ఏడాది పాతవి, సాంబ మసూరి, పది కిలోలు పట్రా. చూసి తీసుకో. ఈ రోజుల్లో అన్నీ కొత్తవే అంటగడతారు." నేను చూసే తీసుకున్నాను... నాకు చూడటం వచ్చినంతవరకూ! కొట్టాయన గుప్పెడు బియ్యం అరచేతిలో పోసి, "ఏడాది దాటినయ్యండీ, నమ్మి తీస్కెళ్లండి" అన్నాడు. కిలోకి ఆరు రూపాయలు ఎక్కువిచ్చి మరీ నమ్మాను.

మధ్యాహ్నానికి అన్నం ముద్దయింది. గరిటె నిలబెడితే నిలబడేట్టుంది. అమ్మ ఒక మెతుకు వేళ్ల మధ్య నలిపి చూసి, "ఇయ్యి పాతవా? మొన్న మిల్లు దిగినయ్యి" అంది. చెల్లి పరవాలేదంది గానీ అమ్మ ఒప్పుకోలేదు. పక్కింటివాళ్లని అడిగి రెండు గిద్దల పాత బియ్యం తెచ్చి వండింది.

అప్పుడు లేచారు నాన్న. బీరువా మీంచి సీసా దింపి, కళ్లజోడు సర్దుకుని, వెనక అంటించిన చిన్న కాగితాన్ని చదివారు. "చూడరా, దీని మీద రంగుంది, పేరుంది, నంబరుంది. ఎన్నేళ్లదో ఎవరో పూచీ పడ్డారు. నువ్వు తెచ్చిన బస్తా మీద ఏముంది?"

బస్తా మీద ఎర్రటి గులాబీ బొమ్మ ఉంది. దాని కింద 'పాత బియ్యం' అని ఉంది. పూచీ మాత్రం ఎక్కడా లేదు. ఈ వారం కబుర్లకి ఆ ప్రశ్నే మూలం.

వైన్స్‌లో దొరకని వైన్

ముందుగా ఒక మనవి. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. సారాపై ఉద్యమం నడిపిన దూబగుంట ఆడవాళ్లు పుట్టిన గడ్డ మనది. ఆ సోయ నాకుంది. చెప్పబోయేది సీసాలో ఉన్నదాని గురించి కాదు, సీసా మీద రాసినదాని గురించి.

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్లో బ్రాందీ దొరుకుతుంది, బీరు దొరుకుతుంది. వైన్ అడిగితే మాత్రం కొట్లో కుర్రాడు మనవంక వింతగా చూస్తాడు. కాబట్టి అసలు వైన్ సంగతి కాస్త మొదట్నుంచీ చెప్పుకోవాలి. ద్రాక్షపళ్ల రసం పులిస్తే వైన్. అంతే. కాకపోతే ఆ పులిసిన రసాన్ని ఎక్కడ, ఎంతకాలం ఉంచారన్నదాన్నిబట్టి దాని దర్జా మారుతుంది.

ఆ దర్జాని లెక్కగట్టి, సీసా మీద అచ్చేసి, దానికి పూచీ పడే పద్ధతిలో పేరుమోసిన చోటు రియోహా. స్పెయిన్ ఉత్తరాన, ఎబ్రో నది వెంబడి ఉన్న సీమ. రాసేటప్పుడు మధ్యలో 'జె' అక్షరం ఉంటుంది గానీ పలికేది 'హ' అనే. లొగ్రోన్యో అక్కడి ముఖ్యపట్టణం. ఆరో అనే ఇంకో ఊళ్లో రైల్వేస్టేషన్ చుట్టూ నూరేళ్లు దాటిన వైన్ గిడ్డంగులు బారులు తీరి ఉంటాయట. సరుకు రైలెక్కి బిల్బావో రేవుకి పోవాలి కదా, అందుకని స్టేషన్ పక్కనే కట్టుకున్నారు. మా తమ్ముడు ఒక ఆదివారం వెళ్లి చూసొచ్చాడు. "గుంటూరు మిర్చి యార్డు చుట్టూ కోల్డ్ స్టోరేజీలున్నట్టు అనుకో అన్నయ్యా" అన్నాడు. నాకు చప్పున అర్థమైంది.

అక్కడ ఎక్కువగా పండే నల్లద్రాక్ష పేరు టెంప్రానీయో. వాళ్ల భాషలో 'తొందరగా వచ్చేది' అని అర్థం. మిగతా రకాలకంటే ముందే పండుతుంది కాబట్టి ఆ పేరు. తొందరగా వచ్చే పండుతో నిదానంగా తయారయ్యే వైన్... ఇదీ రియోహా తమాషా.

నాలుగు రంగులు, నాలుగు వయసులు

సీసా వెనక అంటించే కాగితాన్ని ఇచ్చేది వైన్ కంపెనీ కాదు. ఆ సీమకంతటికీ ఒక నియంత్రణ మండలి ఉంది. సరుకుని పరీక్షించి, రుచి చూసి, నిల్వల లెక్క సరిచూసి, అప్పుడు నంబరు వేసిన కాగితాలిస్తుంది. ఎన్ని సీసాలకి అర్హత ఉంటే అన్ని కాగితాలే. స్పెయిన్‌లో ఇలా ప్రాంతం పేరుకి అధికారిక గుర్తింపు పొందిన మొదటి వైన్ సీమ రియోహాయే. అది 1925లో. 1991లో అంతకంటే పై అంతస్తు గుర్తింపు కూడా మొదట దానికే దక్కింది.

ఆకుపచ్చ కాగితం ఉంటే అది మామూలు వైన్. ఇంతకాలం ఉంచాలన్న నియమమేమీ లేదు. ఎక్కువగా వచ్చిన ఏడాదో ఆపై ఏడాదో తాగేస్తారు. 'హోవెన్' అనేవారు, అంటే లేతది. చిన్నరైతులు పళ్లని చిదపకుండా గెలలతోనే తొట్లో వేసి పులియబెట్టి చేసే తాజా రకం కూడా ఈ కోవలోకే వస్తుంది. పండ్ల వాసన గుప్పుమంటుందట.

ఎరుపు కాగితం మీద 'క్రియాన్సా' అని ఉంటుంది. ఎర్రవైన్ అయితే రెండేళ్లు ఆగాలి, అందులో కనీసం ఏడాది ఓక్ చెక్క పీపాలో గడపాలి. తెల్లవైన్‌కి పీపాలో ఆర్నెల్లు చాలు. ఈ క్రియాన్సా అన్న మాటకి అర్థమేమిటో తెలుసా? పెంపకం! పిల్లల్ని పెంచటానికీ, పశువుల్ని సాకటానికీ వాడే మాటే వైన్‌కీ వాడతారు.

ముదురెరుపు కాగితమైతే 'రెసెర్వా'. మూడేళ్లు. అందులో ఏడాది పీపాలో, కనీసం ఆర్నెల్లు సీసాలో. ముదురు నీలం కాగితమైతే 'గ్రాన్ రెసెర్వా'. ఐదేళ్లు. కనీసం రెండేళ్లు పీపాలో, రెండేళ్లు సీసాలో. పంట బాగా పండిన ఏళ్లలోనే దీని జోలికి వెళ్తారు. మా బీరువా మీద ఉన్నది ఎర్ర కాగితం. అంటే పెంపకం పూర్తయి గుమ్మం దాటిన పిల్ల అన్నమాట.

ఇంతకీ పీపాలో ఏం జరుగుతుంది? రియోహాలో వాడే పీపాలో 225 లీటర్లు పడతాయి. చెక్క సందుల్లోంచి గాలి కొద్దికొద్దిగా లోపలికి వెళ్తుంది. ఆ గాలికి వైన్‌లోని వగరు మెత్తబడుతుంది. అమెరికా ఓక్ అయితే వెనిల్లా, కొబ్బరి వాసనలు పడతాయి. పాతకాలపు కార్ఖానాల్లో ఆర్నెల్లకోసారి ఒక పీపాలోంచి ఇంకో పీపాలోకి వంచి, అడుగున మిగిలిన మడ్డిని పారబోస్తారు. మనవాళ్లు ఆవకాయని మూడోరోజు తిరగ్గలుపుతారే, అలాగ. మరి ఊరికే ఉంచితే నష్టం లేదా? ఉంది. ఏటా కాస్త ఆవిరైపోతూనే ఉంటుంది. ఆ పోయినదాన్ని ఫ్రాన్స్‌లో 'దేవదూతల వాటా' అని సరిపెట్టుకుంటారు. సీసాలోకి దిగాక గాలి ఆడదు. అక్కడ రుచులన్నీ ఒకదానితో ఒకటి సర్దుకుంటాయి. పీపాలో ఒక పని, సీసాలో ఇంకో పని. అందుకే నియమంలో రెండిటికీ వేరువేరు గడువులు.

ఇప్పుడు కుర్రకారు తయారీదారులు కొందరు అమెరికా ఓక్ బదులు ఫ్రాన్స్ ఓక్ వాడుతున్నారు. పీపాలో తక్కువకాలం ఉంచి, పండు రుచి పోకుండా చూస్తున్నారు. 'వయసొక్కటే గొప్పా? ఏ చేలో పండిందో అది గొప్ప కాదా?' అని తగువు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అర్తాది అనే పేరున్న సంస్థ 2015 చివర్లో ఈ విషయమ్మీదే రియోహా పేరు వద్దనుకుని బయటికి వెళ్లిపోయింది. మండలి కూడా కాస్త దిగొచ్చింది. 2017లో 'ప్రత్యేక క్షేత్రం' అనే గుర్తింపు తెచ్చింది. 35 ఏళ్లు దాటిన తీగలు, చేత్తో కోసిన పళ్లు ఉంటేనే ఆ పేరు దక్కుతుంది. పద్ధతి మీద పోట్లాట ఉండొచ్చు. కాగితం మీద ఉన్న వయసు అబద్ధమని మాత్రం ఎవరూ అనటం లేదు.

అందరికీ ఒకే ధరంటే...

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. ఒకప్పుడు రియోహా వైన్ కూడా ఏ ఏటికాయేడు తాగేసేదే. వేసవి దాటితే పులిసి పాడయ్యేది. 18వ శతాబ్దం చివర్లో మాన్యుయెల్ కింతానో అనే క్రైస్తవ మతాధికారి ఫ్రాన్స్‌లోని బోర్డో పద్ధతులు నేర్చుకుని, తన వైన్‌ని ఓక్ పీపాల్లో ఉంచి చూశాడు. సముద్రం దాటించి క్యూబా దాకా పంపితే చెడిపోకుండా చేరింది. గెలిచినట్టే కదా?

గెలవలేదు. పీపాలకి ఖర్చయింది. ఆగిన కాలానికీ ఖర్చయింది. ఊళ్లో మాత్రం వైన్ అంతటికీ ఒకటే ధర అన్నారు. నిన్న తీసినదానికీ, రెండేళ్లు సాకినదానికీ ఒకే రేటంటే సాకేదెవరు? ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. మళ్లీ ఊపిరి పోసుకోవటానికి 50 ఏళ్లు పైనే పట్టింది. 19వ శతాబ్దం మధ్యలో మురియెతా, రిస్కల్ అనే ఇద్దరు జమీందారీ దొరలు బోర్డో పద్ధతిని మళ్లీ మొదలుపెట్టారు. తర్వాత ఫ్రాన్స్ ద్రాక్షతోటల్ని ఫిలోక్సెరా అనే పురుగు తినేసింది. అక్కడి వర్తకులు సరుకు కోసం కొండలు దాటి రియోహాకి వచ్చారు. డబ్బొచ్చింది, పీపాలొచ్చాయి, ఆరో స్టేషన్ చుట్టూ గిడ్డంగులు లేచాయి.

కింతానో కథలో నాకు నచ్చింది ఇదే. ఓపికకి ధర లేకపోతే ఓపిక పట్టేవాళ్లుండరు. ధర ఉండాలంటే, ఇది ఓపిక పట్టిన సరుకేనని రుజువుండాలి.

మన జాడీల లెక్క

రుజువు అడగని చోటు ఒకటుంది. అది మా అమ్మ అటక.

సంక్రాంతి రోజుల్లో చింతకాయ ముదిరి, ఇంకా పండకుండా ఉంటుంది. ఆ కాయని కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, ఉప్పూ పసుపూ వేసి దంచి జాడీలో పెడతారు. మూడోనాడు తీసి మళ్లీ దంచుతారు. గింజలూ, ఈనెలూ ఏరేస్తారు. మళ్లీ జాడీకెత్తి, మూతకి గుడ్డ వాసెన కట్టి, అటకెక్కిస్తారు. కావలసినప్పుడు కాస్త తీసుకుని ఎండుమిర్చీ, ఇంగువా, మెంతులతో పోపు పెట్టి నూరుకోవటమే.

కొత్తది లేత ఆకుపచ్చా పసుపూ కలిసిన రంగులో, పళ్లు పులిసేట్టుంటుంది. ఏడాదికి గోధుమరంగుకి తిరుగుతుంది. మూడో ఏటికి నల్లబడుతుంది. పులుపు అలాగే ఉంటుంది గానీ అందులో పొగరు పోతుంది. బాలింతలకీ, జ్వరంపడి లేచినవాళ్లకీ పథ్యంలోకి తీసేది ఈ నల్లటి పాత చింతకాయనే. (అందులో ఉప్పు దండిగా ఉంటుంది. బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే తినాలి. అమ్మ ఒప్పుకోకపోయినా ఇది చెప్పటం నా బాధ్యత.)

పీపాకీ జాడీకీ ఒక తేడా ఉంది. ఓక్ చెక్క తన వాసన ఇస్తుంది, గాలిని రానిస్తుంది. పింగాణీ జాడీ ఏమీ ఇవ్వదు, ఏమీ తీసుకోదు. ఇక్కడ పనంతా ఉప్పుదీ, పులుపుదీ, కాలానిదీ. అయితే రెండుచోట్లా సూత్రం ఒకటే. దేనికెంత వయసు రావాలో తెలిసుండాలి. ఆ వయసు వచ్చేదాకా చెయ్యి పెట్టకుండా ఉండగలగాలి.

అలాగని పాతదే ఎప్పుడూ మంచిదనుకోవద్దు. అరిసెలకి కొత్త బియ్యమే కావాలి. ఆ జిగురుకే పాకం పట్టుకుంటుంది. పులిహోరకి పాత బియ్యం కావాలి, మెతుకు మెతుక్కీ అంటకూడదు. స్పెయిన్‌వాళ్లకి లేత వైన్‌కి ఒక వేళ, గ్రాన్ రెసెర్వాకి ఒక వేళ ఉన్నట్టే ఇదీను. ఇక మిర్చి సంగతికొస్తే పూర్తిగా ఎదురు. మా నందిగామ, జగ్గయ్యపేట నల్లరేగళ్లలో పండే మిర్చికి వయసు శత్రువు. వెలుతురు తగిలినా వేడి తగిలినా ఎరుపు తగ్గిపోతుంది. అందుకే కోల్డ్ స్టోరేజీలో పెడతారు. గుంటూరు యార్డులో దాన్ని 'ఏసీ సరుకు' అంటారు. అక్కడ చల్లటి గది కాయని మెరుగుపరచదు, ఉన్నదాన్ని కాపాడుతుందంతే. పెరిగేది రుచి కాదు... అదృష్టం బాగుంటే ధర!

బియ్యానికి వయసెలా వస్తుంది

మళ్లీ ముద్దయిన అన్నం దగ్గరికొద్దాం. పాత బియ్యం ఒదుగుతాయని, కొత్తవి ముద్దవుతాయని ఇంటింటా తెలుసు. ఎందుకలా?

కోసిన తర్వాత కూడా గింజ లోపల మార్పులు జరుగుతూనే ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ మాంసకృత్తుల మధ్య బంధాలు బిగుస్తాయి. కొవ్వులు విడిపోయి, ఆ పుట్టిన ఆమ్లాలు పిండిపదార్థంతో ముడిపడతాయి. గింజ గోడలు గట్టిపడతాయి. అలాంటి గింజని ఉడికిస్తే నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, బాగా ఉబ్బుతుంది, అయినా పగలదు. లోపలి పిండి గంజిలోకి తక్కువ కారుతుంది. అందుకే మెతుకులు విడివిడిగా ఉంటాయి. కొత్త గింజకి ఆ కట్టుబాటింకా రాలేదు. వేడి నీళ్లు తగలగానే పిండంతా వదిలేసి పక్కదాన్ని పట్టుకుంటుంది.

సాంబ మసూరి పేరు మీద మనందరం తినే బీపీటీ 5204 రకం 1986లో బాపట్ల నుంచి వచ్చింది. సన్నగింజ, చక్కటి రుచి. వచ్చిన కొత్తలో మాత్రం దీని అన్నం కూడా మెత్తబడుతుంది. ఆర్నెల్లు దాటితే గుణం తేలుతుంది, ఏడాదికి కుదురుకుంటుంది. అందుకే సంక్రాంతి వేళ పాత బియ్యానికి గిరాకీ. అప్పుడే ఖరీఫ్ ధాన్యం మిల్లుకెక్కి, మార్కెట్ నిండా కొత్త బియ్యం ఉంటాయి మరి.

తొందరున్న చోట దగ్గరిదారి పుట్టకుండా ఉంటుందా? ధాన్యానికి ఆవిరి పట్టి ఆరబెట్టి మర పట్టిస్తే, కొత్త గింజ కూడా కొంత పాతదానిలా ఉడుకుతుంది. 'స్టీమ్ బియ్యం' అని అమ్మేది అదే. అది మోసం కాదు, ఆ పేరుతోనే అమ్మినంత కాలం. వైన్‌లోనూ ఇలాంటి దగ్గరిదారి ఉంది. పీపా బదులు తొట్లోనే ఓక్ చెక్కముక్కలు వేసి వాసన పట్టించటాన్ని ఐరోపా సమాఖ్య 2006లో అనుమతించింది. కానీ క్రియాన్సా అని పేరు కావాలంటే పీపాలో ఏడాది గడపాల్సిందే. దగ్గరిదారిన వచ్చినవాడు రావచ్చు, దూరం నడిచొచ్చానని చెప్పుకోకూడదు. తేడా అక్కడే.

మరి మన బస్తా మీద ఏముంటుంది? బరువు, ధర, ప్యాకింగ్ నెల. సంచీ ఎప్పుడు కుట్టారో తెలుస్తుంది గానీ, లోపలి గింజ ఏ కోతదో తెలియదు. 'పాత బియ్యం' అన్న మాట సంచీ మీద ఉన్న గులాబీ బొమ్మలాంటిదే, అందంగా ఉంటుందంతే. నాలుగు గింజలు పంటి కింద వేసుకుని చూడటం, రంగు కాస్త పసుపు తిరిగిందేమో గమనించటం... ఇవన్నీ తెలిసినవాళ్లకే తెలుస్తాయి. నాలాంటివాడు ఇంటికొచ్చి గుప్పెడు ఉడికించి చూసుకోవటమే మేలు. బస్తా తీసుకునే ముందు కిలో తెచ్చి వండి చూడండి. నేను ఆరు రూపాయలు చొప్పున ఫీజు కట్టి నేర్చుకున్న పాఠమిది.

ఆగేదెవరు? అందుకునేదెవరు?

ఇక్కడిదాకా విని నాన్న ఒక లెక్క వేశారు. "సరే, ఏడాది ఆగితే కిలోకి ఆరు రూపాయలు వస్తున్నయ్. ఆ ఆరు ఎవరికి పోతున్నయ్ రా?"

సాగర్ ఎడమ కాలువ చివరి భూముల్లో వరి వేసిన రైతుకి మాత్రం కాదు. అతను కోసిన వారంలోనే అమ్మాలి. ఎరువుల కొట్టు బాకీ, కోతమిషన్ కిరాయి, పిల్లల ఫీజు ఆగవు. ప్రభుత్వం కొనే ధాన్యంలో ఉన్న తరగతులు రెండే. 2025-26 ఖరీఫ్‌కి సాధారణ రకం క్వింటా 2,369 రూపాయలు, ఎ గ్రేడ్ 2,389. తేమ 17 శాతం లోపుండాలి. గింజ పొడవు చూస్తారు, తేమ చూస్తారు. వయసు చూసే తరగతి లేదు. ఉండి కూడా అతనికి లాభం లేదు, ఆగే చోటు కావాలి కదా! ఒకప్పుడు ఇంటి ముందు గాదె ఉండేది, పురి కట్టేవారు, మెట్టపొలాల్లో జొన్నకి పాతర తీసేవారు. ఇప్పుడు ధాన్యం కళ్లంలోంచి నేరుగా లారీ ఎక్కుతుంది. ఆగే శక్తి గిడ్డంగి ఉన్నవాడికే మిగిలింది.

రియోహాలో అంతా రామరాజ్యమనుకోకండి. అక్కడా ద్రాక్ష రైతుల్లో ఎక్కువమంది పళ్లనే అమ్ముకుంటారు. కోతప్పుడు కిలో లెక్కన వచ్చేదే వాళ్ల ఆదాయం. పీపాలో పెరిగే ధర గిడ్డంగి వాడిది. వైన్ అమ్ముడుపోక నిల్వలు పేరుకుంటే 2023లో పచ్చికాయలుండగానే కోసి పారేయటానికి రైతులకి డబ్బులివ్వాల్సి వచ్చింది. రంగు కాగితం సరుకుకి పూచీ పడుతుంది, రైతు బతుక్కి కాదు.

అయినా ఆ కాగితంతో ఒక మేలుంది. ఆగిన కాలాన్ని అది కనబడేట్టు చేస్తుంది. కనబడితేనే దాని ధర ఎవరికి పోతోందో అడగటానికి వీలవుతుంది. మన దగ్గరా దారి బొత్తిగా లేకపోలేదు. గిడ్డంగి రసీదుకి విలువ కల్పించే చట్టం 2007లో వచ్చింది. నమోదైన గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు చూపి బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. ధర వచ్చినప్పుడు అమ్ముకోవచ్చు. ఆ రసీదు మీద తేదీ ఉంటుంది. అంటే, సరుకు వయసుకి రుజువు అక్కడే పుట్టేసిందన్నమాట! ఆ తేదీని బియ్యం బస్తా దాకా తీసుకురావటమే మిగిలిన పని. కోత నెల ఒక్కటి సంచీ మీద అచ్చేస్తే చాలు, 'పాత' అన్న మాటకి పరువొస్తుంది.

మిర్చి రైతుకి మాత్రం ఆగటం ఎప్పుడూ జూదమే. కోల్డ్ స్టోరేజీ అద్దె నడుస్తుంటుంది, అప్పు మీద వడ్డీ నడుస్తుంటుంది, ధర నడవాలని రూలేమీ లేదు. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే మార్కెట్ జోక్యం కింద కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. కాలం గడిస్తే పెరిగే సరుకుని పండించినవాడికి ఆగే వీల్లేదు. కాలం గడిస్తే తరిగే సరుకుని పండించినవాడికి ఆగక తప్పదు. మా ఊరి చిత్రం ఇదీ.

చివరిగా ఒక చీటీ

నేను తిరిగి బయల్దేరే రోజు పొద్దున అమ్మ కొత్త చింతకాయ తొక్కు జాడీకెత్తింది. మూడేళ్లనాటి నల్లటి పచ్చడి చెల్లికి పెడుతూ, ఖాళీ అయిన చోట కొత్తది చేర్చటం ఆవిడ పద్ధతి. గుడ్డ వాసెన కట్టాక నాన్న చిన్న కాగితం ముక్క తెచ్చారు. మాస్టారి చేతిరాతలో 'చింతకాయ. సంక్రాంతి. పాప పుట్టిన ఏడు' అని రాసి, దారంతో జాడీ మెడకి కట్టారు.

"నాకు గుర్తుండదా ఏంటి? చీటీ ఎందుకు?" అంది అమ్మ.

"నీకు గుర్తుంటుంది. నీ తర్వాత తీసేవాళ్లకి?" అన్నారు నాన్న.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పాపని ఒళ్లోకి తీసుకుని, "సరే, ఇది బడికెళ్లే ఏడు తీద్దాం లే" అంది.

సీసా ఇంకా బీరువా మీదే ఉంది. ఎవరూ తెరవలేదు, తెరిచే ఆలోచనా లేదు. తమ్ముడు మాత్రం వెళ్లేముందు జాడీకున్న చీటీని ఫోటో తీసుకున్నాడు. స్పెయిన్‌లో స్నేహితులకి చూపించాలట.